నా వెన్నుపూస గురించి నాకు తప్ప అందరికీ తెలుసు

నాకు చేయబోతున్నది నొప్పి తగ్గించే ఇంజెక్షన్ కాదని, స్కానింగ్ గదిలో బల్ల మీద బోర్లా పడుకున్నాక తెలిసింది. అప్పటికే వీపు మీద గౌను ముడులు విప్పేశారు. నర్సమ్మ చేతిలో కాగితం చూసుకుంటూ, "వెన్నుపూస బయాప్సీ మీకేనా?" అంది. బస్సులో సీటు కింద మూట ఎవరిదని కండక్టర్ అడిగినట్టే అడిగింది.

బయాప్సీ అనే మాట నాకు కొత్తేం కాదు. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మనిషిని, రోజూ పేపరు చదువుతాను. ఆ మాట ఎక్కడ వినిపించినా దాని వెనకాలే ఇంకో మాట వస్తుందని తెలుసు. ఆ రెండో మాట ఆ గదిలో ఎవరూ అనలేదు. అనకుండానే నాకు వినిపించింది.

ఇది జరిగి ఏడాది దాటింది. కోపం చల్లారాక రాద్దామని ఇన్నాళ్ళూ ఆగాను. చల్లారలేదు. ఇంకా ఆగితే అసలు రాయనేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

మేముండేది చర్లలో. నా బడి అక్కడి నుంచి పన్నెండు కిలోమీటర్లు లోపలికి, అడవి అంచున ఒక గూడెంలో. నాలుగు కిలోమీటర్లు తారు, పోలీసు క్యాంపు దాటాక గుంటలు, ఆ తర్వాత రోడ్డు అనడానికి నోరు రాని రాళ్ళు. స్కూటీ మీద పోయి వస్తాను. వానలు వెనకబట్టాక నడుం నొప్పి మొదలైతే అందరూ రోడ్డునే తిట్టారు, నేనూ తిట్టాను. ఈ దారిలో నడుం నొప్పి రానివాళ్ళే డాక్టరుకు చూపించుకోవాలని మా బడిలో ఇద్దరు టీచర్లం నవ్వుకునేవాళ్ళం. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడేది. రోజురోజుకూ చిక్కిపోతుంటే, "మేడమ్ మంచిగ సన్నబడ్డరు" అని మెచ్చుకున్నవాళ్ళున్నారు. సిగ్గులేకుండా మురిసిపోయాను.

వైద్యాలు కూడా తక్కువేం చేయించుకోలేదు. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు రెండు నెలలు పొడిచాడు. బడిలో వంట చేసే అక్క ఇప్పనూనె వెచ్చబెట్టి రుద్దింది. ఆ చేతులు చల్లగుండ, రుద్దినంతసేపూ హాయిగానే ఉండేది. చివరికి మా వీధిలో ఎదురుకాళ్ళతో పుట్టిన ఒక పెద్దమ్మ ఉంటే, అలా పుట్టినవాళ్ళు నడుం తొక్కితే పట్టు వదులుతుందని, ఆమెను పిలిపించి మూడు ఆదివారాలు వీపు తొక్కించుకున్నాను. సైన్సు పాఠం చెప్పే నోటితోనే ఆమెను పిలిచాను. పురుగు తిన్న వెన్నుపూస మీద మనిషిని నిలబెట్టుకున్నానని తెలిసిన రోజు నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

నొప్పి పడుకున్నా తగ్గకపోయేసరికి భద్రాచలం, అక్కడి నుంచి ఖమ్మం. పెద్ద స్కాన్ తీశారు. డాక్టరు గది ముందు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం: నేను, లైన్‌మన్‌గా పనిచేసే మా ఆయన, పెనుబల్లిలో వ్యవసాయం చేసుకునే మా తమ్ముడు. లోపలి నుంచి మనిషి వచ్చి, "పేషెంటు కూర్చోవచ్చు, అటెండెంట్లు లోపలికి రండి" అన్నాడు. ఎముకలు నావి, నొప్పి నాది, పిలుపు వాళ్ళకు. అప్పుడు నాకది వింతగా కూడా అనిపించలేదు. మన దగ్గర అంతే కదా. రోగం సంగతి రోగికి తప్ప అందరికీ చెప్పడం మర్యాద. దానికి ప్రేమ అని ఒక పేరు కూడా పెట్టుకున్నాం.

పావుగంట తర్వాత ఇద్దరూ బయటికొచ్చారు. తమ్ముడు ఫోను తీసి ఎవరూ చేయని కాల్ ఎత్తుకుని పక్కకు పోయాడు. మా ఆయన కిందికెళ్ళి బాదం పాలు తెచ్చాడు.

"ఏమన్నడు డాక్టరు?" అన్నాను.

"ఏం లేదు. నడుంల ఒక సూది ఇస్తరట. నొప్పి మొత్తం పోతదట. శుక్రవారం రమ్మన్నడు."

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మనిషి నాకు బాదం పాలు కొనివ్వడం అదే మొదటిసారి. నాకు అక్కడే అనుమానం రావాల్సింది. రాలేదు. తాగి గ్లాసు పక్కన పెట్టాను.

లోపల ఏం జరిగిందో తర్వాత ఇద్దరినీ విడివిడిగా నిలదీసి రాబట్టాను. పక్కపక్కనే ఉన్న రెండు వెన్నుపూసలు పాడయ్యాయని డాక్టరు చూపించాడు. బొమ్మ చూసి టీబీనో కేన్సరో తేల్చి చెప్పలేమని, సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తేనే తెలుస్తుందని అన్నాడు. ఆలస్యమైతే కాళ్ళు పడిపోవచ్చనీ అన్నాడు. "ఆమెకు చెప్పకండి సార్, తట్టుకోలేదు" అన్నారు మా వాళ్ళు. ఆయన తలూపాడు. ఎవరి గురించి మాట్లాడుతున్నాడో ఆ మనిషి తలుపు అవతల ఉందని ఆయనకు తెలుసు. తెలిసే తలూపాడు. తర్వాత కాగితం ముందు పెట్టుకుని, "రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతుందా?" అని అడిగాడు.

"ఏం వాడదు సార్" అన్నాడు మా ఆయన. సంతకం పెట్టాడు.

నేను వాడతాను. మూడేళ్ళ కింద ఒకసారి ఛాతీలో నొప్పి వస్తే భద్రాచలంలో చూపించుకున్నాను. గుండెకు మంచిదని ఒక చిన్న మాత్ర రాశారు. అప్పటి నుంచి రోజూ అన్నం తిన్నాక వేసుకుంటున్నాను. మా ఇంట్లో మాత్రలన్నీ ఒక స్టీలు డబ్బాలో ఉంటాయి. పొద్దున్నే ఆయన షుగర్ మాత్ర తీసి ఆయన అరచేతిలో పెట్టేది నేను. నాది నేనే వేసుకుంటాను. ఏ గూడెం ట్రాన్స్‌ఫార్మర్‌లో ఏ ఫ్యూజు ఎప్పుడు పోయిందో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషికి, తన పక్కన కూర్చుని పెళ్ళాం మింగే మాత్ర కనపడలేదు.

ఇక స్కానింగ్ గది సంగతి. నేను బోర్లా పడుకుని, విన్న మాటను మింగలేక ఉంటే, సూది వేసే డాక్టరమ్మ వచ్చింది. చిన్నావిడే. చేతులకు తొడుగులు వేసుకుంటూ మామూలుగా అడిగింది, "అమ్మా, రక్తం పలచబడే మాత్రలేవీ వేసుకోరు కదా?"

"గుండెకని ఒకటి వేసుకుంటాను. నిన్న కూడా వేసుకున్నాను."

ఆమె చేతులు ఆగిపోయాయి. కాగితం మళ్ళీ చూసింది. "ఇందులో లేదని రాశారే?"

"నన్నెవరూ అడగలేదు" అన్నాను.

ఆమె తొడుగులు తీసేసింది. వెన్నుపాము పక్కన రక్తం కారి గడ్డకడితే నరాల మీద ఒత్తిడి పడుతుందని, మాత్ర ఆపి కొన్ని రోజులు ఆగాలని, అది ఆపవచ్చో లేదో ముందు గుండె డాక్టరును అడగాలని చెప్పింది. "ఇవాళ చేయలేం, లేవండమ్మా" అంది. ముడులు నేనే కట్టుకుని బయటికొచ్చాను.

"అప్పుడే అయిపోయిందా?" అంటూ మా ఆయన లేచాడు.

"బయాప్సీ అట" అన్నాను. "నాకు నొప్పి సూది అని చెప్పిండ్రు గదా?"

ఆయన నేల చూశాడు. తమ్ముడు అందుకున్నాడు. "అక్కా, నువ్వు భయపడ్తవని చెప్పలేదు. బావొక్కనిదే తప్పు కాదు, నేను గూడ వద్దన్న."

"మాత్రలేమన్న వాడుతదా అని అడిగితె లేదని ఎందుకు చెప్పిండ్రు?"

"నాకు తెల్వదు మరి" అన్నాడు మా ఆయన.

"మూడేండ్ల సంది నీ పక్కన కూసొని ఏసుకుంటున్న, నీకు తెల్వదు. సరే, తెల్వదు. తలుపు అవతల బెంచి మీద ఉన్న గదా నేను! ఒక్క మాట కేకేసి అడిగితె ఏమైతుండె? నేను చచ్చిన్ననా?"

పెళ్ళయినప్పటి నుంచి ఆయన్ని మీరు అనేదాన్ని. ఆ రోజు అంతమందిలో నువ్వు అన్నాను. జనం తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను. "అర్వకు, అందరు చూస్తుండ్రు" అన్నాడాయన మెల్లగా. అప్పుడు కూడా ఆయన బాధ అదే, ఎవరికైనా తెలిసిపోతుందేమోనని.

గుండె డాక్టరును ఫోనులో అడిగితే ఆపవచ్చన్నాడు. వారం ఆగమన్నారు. వారమే కదా అనిపిస్తుంది, రోగం తమ ఒంట్లో లేనివాళ్ళకు. నాలుగో రోజు పెరట్లో నల్లా దగ్గరి నుంచి బిందె లేకుండా వట్టి చేతులతో నడిచి వస్తున్నాను. గడప దగ్గరికొచ్చాక చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. వెనక్కి తిరిగితే నల్లా దగ్గరే పడి ఉంది. ఎప్పుడు జారిందో కాలికి తెలియలేదు. మా ఆయన చూశాడు. పోయి ఆ చెప్పు తెచ్చి, గడప మీద కూర్చుని, నా కాలు ఎత్తి తొడిగాడు. నాకు జాలి వేసింది, కోపం మాత్రం పోలేదు. రెండూ ఒకే కడుపులో ఉండగలవని ఆ రోజు తెలిసింది. వెంటనే ఖమ్మం ఫోను చేయించాను. కాళ్ళలో ఇంకా బలం తగ్గినా, ఒంటికి రెంటికి తెలియకపోయినా వారం కాలేదని ఆగకుండా అప్పటికప్పుడు వచ్చేయమన్నారు.

ఆ వారంలోనే మా అమ్మ గుర్తొచ్చింది. రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ ఇందరిని తిట్టి నన్ను వదిలేస్తే అన్యాయం. అమ్మకు లివర్‌లో గడ్డ ఉందని తేలినప్పుడు డాక్టరు గదిలోకి పోయింది నేను. "మా అమ్మకు చెప్పకండి, తట్టుకోలేదు" అన్నది నేను. అచ్చం అవే మాటలు. అమ్మ బయట బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకేమన్న పెద్ద రోగమా బిడ్డా?" అంటే, "అల్సరమ్మా, తగ్గిపోతది" అన్నాను. కారేపల్లిలో ఉన్న తన చెల్లెల్ని ఒకసారి చూసొస్తానని అమ్మ రెండు మూడుసార్లు అడిగింది. తగ్గినాక పోదువుగానీ అన్నాను. తగ్గదని నాకు తెలుసు. అమ్మకు తెలియదు కాబట్టి నా మాట నమ్మి ఆగింది. పోలేదు. ఇక ఎప్పటికీ పోలేదు. ఆ చెల్లెలు వచ్చింది గానీ, అమ్మ కళ్ళు మూశాక వచ్చింది. నేను అమ్మను కాపాడానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. మా ఆయన నన్ను ఎంత కాపాడాడో నేనూ అమ్మను అంతే కాపాడాను.

రెండోసారి పోయినప్పుడు బల్ల ఎక్కకముందే డాక్టరమ్మతో అన్నాను, "నాకు చెప్పండి. మా వాళ్ళకు కాదు, నాకు." ఆమె స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుంది.

"స్కాన్‌లో ఎముక పాడైందని కనిపిస్తుందమ్మా, ఎందుకు పాడైందో కనిపించదు. టీబీ కావచ్చు, కేన్సర్ కావచ్చు, వేరే ఏదైనా చీము కావచ్చు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. అందుకే ముక్క తీసి చూడాలి. తీసే చోట మత్తు ఇస్తాం, మీరు మెలకువగానే ఉంటారు. సూది ఎక్కడిదాకా పోయిందో మధ్యమధ్య స్కాన్‌లో చూసుకుంటాం. గట్టిగా నొక్కినట్టు ఉంటుంది. కాల్లోకి కరెంటు కొట్టినట్టయితే నోటితో చెప్పండి, కదలొద్దు. రక్తం కారడం, చీము పట్టడం, నరానికి తగలడం అరుదుగా జరుగుతాయి. ఒక్కోసారి తీసిన ముక్కతో తేలకపోతే మళ్ళీ చేయాల్సి రావచ్చు."

"ముక్క తీస్తే రోగం పాకుతదంటారు?"

"ఆ భయంతో పరీక్ష మానుకుంటేనే రోగం ముదురుతుంది" అంది.

మూడు నిమిషాలు పట్టింది. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది, చూశాను. ఈ మూడు నిమిషాలు ముందే నాకు ఇచ్చి ఉంటే నా ఎడమ కాలు జారిన చెప్పును గుర్తుపట్టేది.

బోర్లా పడుకున్నాను. మత్తుసూది చీమ కుట్టినట్టు కాదు, కందిరీగ కుట్టినట్టే కుట్టింది. తర్వాత మంట పోయి మొద్దుబారింది. బల్ల గుండ్రటి మిషన్ లోపలికి పోయేది, బయటికొచ్చేది. వచ్చినప్పుడల్లా సూది ఇంకొంచెం లోపలికి. ఎముకను తాకినప్పుడు చప్పుడు చెవికి కాదు, ఒంట్లో వినిపించింది. పళ్ళ బిగువున కదలకుండా ఉన్నాను. ఏం జరుగుతుందో తెలుసు కాబట్టి ఉండగలిగాను. అయిపోయాక, మొదటిరోజు కాగితం చూసి "మీకేనా?" అన్న ఆ నర్సమ్మనే అడిగి చూశాను. అగ్గిపుల్ల విరిచినంత సన్నటి ముక్కలు. కొన్ని మందు సీసాలో వేశారు, కణాలు చూడటానికి. కొన్ని ఉప్పునీళ్ళ సీసాలో, టీబీ క్రిమి ఉందేమో చూడటానికి. నా ఒంట్లోవి నాకు చూపించిన మొదటి మనిషి ఆ నర్సమ్మ. ఆమె మీద కోపం అక్కడితో పోయింది. కొన్ని గంటలు వెల్లకిలా పడుకోబెట్టి, మధ్యమధ్య వచ్చి కాలివేళ్ళు కదిలించమన్నారు. కదిలించాను.

రిపోర్టు వచ్చిన రోజు మళ్ళీ ఆ తలుపు దగ్గర అదే పిలుపు. "అటెండెంట్లు రండి." నేను లేచి ముందు నడిచాను. మా ఆయన వెనకాల వచ్చాడు. డాక్టరు ఆయన వైపు చూసి మాట మొదలుపెడితే, "నాతో చెప్పండి సార్" అని చెయ్యి చాపాను. ఒక్క క్షణం ఆగి కాగితం నా చేతిలో పెట్టాడు. టీబీ. కేన్సర్ ఆనవాళ్ళు లేవు. ఊపిరితిత్తుల్లో లేదు, కాబట్టి ఎవరికీ అంటదు. ఏడాదో, ఇంకా పైనో మాత్రలు వేసుకోవాలి, ఒక్కపూట కూడా మానకూడదు. నడుంకు బెల్టు. కాలికి బలం తిరిగి వస్తుందనే ఆశ. కూర్చున్న కుర్చీలోనే ఏడ్చాను. మా ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

బస్టాండుకు పోతుంటే మెల్లగా అన్నాడు, "బడిల, మనోళ్ళకు నడుం జారిందని చెప్దాం. టీబీ అంటె మంచిగుండదు."

నడిరోడ్డు మీద ఆగిపోయాను. అప్పుడే కళ్ళు తుడుచుకున్నాడు, అప్పుడే దాచడం మొదలుపెట్టాడు. "చెప్త" అన్నాను. "ఎవలడిగితె వాళ్ళకు చెప్త." అంతకన్నా మాట్లాడితే అక్కడే కూలబడేదాన్ని.

భద్రాచలం బస్సులో మూడు సీట్ల వరసలో కిటికీ దగ్గర ఆయన, మధ్యలో నేను, ఈ చివర ఒకామె కూర్చున్నాం. నా బెల్టు చూసి ఆమె అడిగింది, "ఏమైందక్కా, గా బెల్టు ఏంది?"

"నడుం జారింది" అన్నాడు మా ఆయన నాకంటే ముందు.

"కాదు" అన్నాను. "ఎముకకు టీబీ వచ్చింది. సూదితోని ముక్క తీసి చూసిండ్రు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. ఆమె మాత్రం నా వైపు జరిగింది. "ఎన్నుపూసల సూదా? నొప్పి అయితదా?" అంది. మొత్తం చెప్పాను. బోర్లా పడుకోబెట్టడం, మత్తు, నొక్కుడు, అన్నీ చెప్పాను. నాకు చెప్పకుండా తీసుకుపోయింది, నా మాత్ర సంగతి ఎవరూ అడగనిది, వారం ఆలస్యమైంది, నా చెప్పు జారింది, అదీ చెప్పాను. మా ఆయన వింటున్నాడని తెలిసే చెప్పాను.

కొత్తగూడెం దాటాక ఆమె తన సంగతి చెప్పింది. "మా అత్తకు గూడ గదే పరీక్ష రాసిండ్రక్కా. సోమవారం రమ్మన్నరు. ఆమెకు నొప్పి సూది అని చెప్పినం."

"ఎక్కడున్నది మీ అత్త?"

ఆమె గడ్డంతో ముందుకు చూపించింది. డోరు పక్క సీట్లో తెల్లటి ముడి వేసుకున్న ఒక ముసలామె, బస్సు కుదుపుకు పడకుండా రెండు చేతులతో ముందు కమ్మీ పట్టుకుని కూర్చుంది. వీపు మాత్రమే కనిపిస్తోంది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అన్నాను.

పాల్వంచలో ముసలామె పక్కన కూర్చున్న మనిషి దిగిపోయాడు. బస్సు కదిలాక కోడలు లేచి, కమ్మీలు పట్టుకుంటూ పోయి ఆ ఖాళీలో కూర్చుంది. ఇంజను చప్పుడులో అన్ని మాటలూ వినపడలేదు. గట్టిగా అడిగిన ఒక్కటి వినపడింది.

"అత్తమ్మా, నువ్వు రోజు ఏమేం మాత్రలు ఏసుకుంటున్నవ్?"

ముసలామె కమ్మీ వదిలి, కోడలి ముఖం కాసేపు చూసి, బొడ్లో దోపుకున్న కొంగు ముడి విప్పి మూడు మాత్రల అట్టలు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది.